పట్టపగలు చుక్కలు చూసిన పొట్టేళ్ళు

ఆ గురువారం ఉదయం నెల్లూరు ట్రంకురోడ్డులో, బట్టల కొట్టు మేడమీదున్న ఆనంద డిటెక్టివ్ సర్వీసెస్ మెట్లెక్కి వచ్చిన మనిషిని చూసి గంగాధరం మొదట జడుసుకున్నాడు. ఆరడుగుల ఎత్తు, గోరింటాకు పట్టించిన గడ్డం, ద్వారబంధం నిండిపోయే భుజాలు. తీరా చూస్తే ఆ మనిషే బెదురుగా వెనక్కి చూసుకుంటున్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, మంచినీళ్ళిస్తే తాగలేదు. భయపడి వచ్చినవాణ్ణి చూసి తాను భయపడినందుకు గంగాధరం సిగ్గుపడి నోటు పుస్తకం తీశాడు.

గంగాధరం ఒకప్పుడు పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసేవాడు. ఊళ్ళో ప్రతివాడి జేబులోనూ కెమెరా చేరాక ఆ పని వదిలి ఆనందకుమారి దగ్గర సహాయకుడిగా కుదిరాడు. కుదిరిన నాటి నుంచి ఆమె ఏమన్నా రాసుకుంటాడు. కాఫీలో పంచదార ఎక్కువైందన్నా రాసుకుంటాడు. ఆమె పాతికేళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి, ఆ తరవాత ఈ ఏజెన్సీ పెట్టింది. రెండొందల మందిలో ఆవకాయ జాడీ ఖాళీ చేసిందెవరో కనిపెట్టినావిడకు హంతకులొక లెక్కా అని గంగాధరం కనపడిన వాళ్ళందరికీ చెబుతుంటాడు. నిజానికి ఆ మెట్లెక్కి హంతకుల కేసు ఒక్కటీ రాలేదు. వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల వాకబులూ, పోయిన గొలుసులూను.

"పొద్దున ఏమన్నా తిన్నారా?" అని అడిగింది ఆనందకుమారి. ఎవరొచ్చినా ఆమె మొదటి ప్రశ్న అదే.

"నిన్నటి నించి ముద్ద దిగలా మేడమ్" అన్నాడా మనిషి.

అతని పేరు దరియావలి. గూడూరులో జీవాల వ్యాపారం. గొర్రెనూ మేకనూ కలిపి జీవాలనడం ఆ వైపు వాడుక. గూడూరుకు తూర్పున, సముద్రం దిక్కుగా ఉన్న పాలగుంటలో పద్మనాభయ్య అనే రైతున్నాడు. నెల్లూరు జోడిపి జాతి గొర్రెలకు ఆయన మంద పెట్టింది పేరు. ముప్పై ఏళ్ళుగా ఏటా బక్రీదుకు ఆయన పాకలో పెంచిన పొట్టేళ్ళు దరియావలి చేతిమీదుగానే పోతాయి. ఈ ఏడూ సోమవారం నాడు వెళ్ళి, పన్నెండు పొట్టేళ్ళనూ చూసి వచ్చాడు. మంగళవారం తెల్లవారేసరికి పాకలోని వాటికి కళ్ళు కనపడలేదు. గోడకు తల ఆనించి నిలబడ్డాయి. బుధవారానికి రెండు చచ్చాయి. విషయం విని పరుగెత్తుకు వెళితే, నాలుగు రోడ్ల కూడలిలో పదిమంది ముందర పద్మనాభయ్య అతన్ని నిలబెట్టి, చౌకగా కొట్టేయడానికి మందు పెట్టావన్నాడు. ఈ ఊళ్ళో కాలు పెట్టొద్దన్నాడు. వచ్చే సోమవారం పొద్దున పోలీసు స్టేషన్లో రిపోర్టు ఇస్తానన్నాడు. సాయంత్రానికల్లా చుట్టుపక్కల మూడూళ్ళ వాళ్ళు ఫోను చేసి, మా జీవాల్ని చూడటానికి రావద్దని చెప్పేశారు.

"నాకు ఇంకో పని తెలవదు మేడమ్. నా మాట మీద జీవాన్ని ఇస్తారు, నా మాట మీద కొంటారు. ఆ మాటే పోయినాక నేనేంది ఇంక?"

ఆనందకుమారి కుర్చీ అతని దగ్గరికి జరిపింది. "గుడ్డి పొట్టేలు బక్రీదుకు పనికొస్తుందా?"

"పనికిరాదు. కన్ను పోయినా, కాలు కుంటినా కుర్బానీకి చెల్లదు."

"సోమవారం మీరు ఏమేం చేశారు?"

నోరు తెరిచి పళ్ళు చూశాడట, వయసు తెలియడానికి. వేళ్ళు తువాలుకు తుడుచుకున్నాడట. పొట్టలు తట్టి చూసి, నవ్వుకొని వచ్చేశాడట. తువాలు పాకలో మరిచిపోయాడట.

"నవ్వెందుకొచ్చింది?"

దరియావలి తల దించుకున్నాడు. "ఏం లేదులే మేడమ్. అది పద్మనాభయ్యన్న ముచ్చట" అని, మరి పెదవి విప్పలేదు. గంగాధరానికి అనుమానం వచ్చి ఆ మాట కింద రెండు గీతలు గీశాడు.

మధ్యాహ్నానికి ఇద్దరూ పాలగుంటలో దిగారు. కృత్తిక కార్తె ఎండ నెత్తి మాడుస్తోంది. పద్మనాభయ్య అరవై దాటినవాడు, పొట్టివాడు, మీసాలవాడు. దరియావలి తరఫున వచ్చామంటే లోపలికి రానివ్వడేమోనని గంగాధరం రెండడుగులు వెనక నిలబడ్డాడు. కాని ఆనందకుమారి, "మీరు సోమవారం రిపోర్టిస్తే పోలీసులు అడిగే ప్రశ్నలే నేను నాలుగు రోజులు ముందు అడుగుతాను. మీ మాట నిజమైతే మీకు నష్టమేముంది?" అనేసరికి ఆయన దారి వదిలాడు.

పాకలోకి వెళ్ళి చూశారు. తెల్లటి ఒళ్ళు, మొహం మీద నల్లటి మచ్చలు, మెలి తిరిగిన కొమ్ములు, ఎంత అందమైన పొట్టేళ్ళో. నాలుగు గోడకు నెత్తి ఆనించి, గోడను తోసేద్దామన్నట్టు నిలబడ్డాయి. రెండు పళ్ళు పటపట కొరుకుతున్నాయి. అన్నిటికంటే పెద్దది మెడ వెనక్కి విరిచి, పట్టపగలు చుక్కలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తోంది. కంటి ముందు చెయ్యి ఆడిస్తే రెప్ప వెయ్యలేదు.

"డాక్టరుకు చూపించారా?" అంది ఆనందకుమారి.

విషానికి డాక్టరెందుకు, రిపోర్టిచ్చాక శవపరీక్షకు ఎటూ వస్తారు గదా అన్నాడు పద్మనాభయ్య. చచ్చినవాటిని అప్పటికే పూడ్చేశారు. ఆనందకుమారి గూడూరుకు ఫోను చేసి పశువుల డాక్టరు ఉషారాణిని పిలిపించింది. కేసు సంగతి తరవాత, ముందు ప్రాణం సంగతి అంది. గంగాధరం రాసుకున్నాడు.

డాక్టరమ్మ గంటలో వచ్చింది. కళ్ళలో టార్చి వేసి చూసింది. ఒక పొట్టేలు తేన్చినప్పుడు దాని మూతి దగ్గర వాసన చూసి మొహం చిట్లించింది. గంగాధరం కూడా ధైర్యం చేసి వంగి చూశాడు. కుళ్ళిన కోడిగుడ్డు కంపు. తొమ్మిదింటికీ బి1 విటమిన్ ఇంజెక్షన్లు చేసి, మూడు రోజులు వరసగా చెయ్యాలనీ, అప్పటిదాకా ఎండుగడ్డీ, బయటినుంచి తెచ్చిన మంచినీళ్ళూ తప్ప ఏదీ పెట్టొద్దనీ చెప్పింది. తొట్టిలో నీళ్ళు సీసాలో పట్టుకుంది.

వెళుతూ ఆనందకుమారిని పక్కకు పిలిచింది. "విషం కాదనే నా అనుమానం. ఏదో ఒకటి వీటి ఒంట్లో మోతాదు మించింది. ఏంటో తెలిస్తే సగం వైద్యమైనట్టే. కాని ఏం పెట్టారని అడిగితే ఒక్కరూ చెప్పడం లేదండీ."

"తొమ్మిదేనా? పన్నెండులో రెండు పోతే పది ఉండాలి గదా" అంది ఆనందకుమారి.

పదోది వంటింటి వెనక కట్టేసి ఉంది. పేరు దొర. తోటి పొట్టేళ్ళను కుమ్ముతుందని నెల రోజులుగా దాన్ని విడిగా కట్టేశారు. మేతా ఉప్పూ పాకలో పెట్టేవే తెచ్చి పెడతారు, నీళ్ళు మాత్రం వంటింటి కుడితి. దొరకు ఏ రోగమూ లేదు. ఆ సంగతి గంగాధరం స్వయంగా తెలుసుకున్నాడు, దాని ఫోటో తియ్యబోయి.

తుంటి పట్టుకుని అతను తిరిగి వచ్చేసరికి ఆనందకుమారి అరుగు మీద విచారణ మొదలుపెట్టింది.

"పాకలో జీవాలకు ఏం పెడతారు?"

"పచ్చగడ్డి, ఉప్పు, నీళ్ళు. ఇంకోటి నా పాకలోకి పోదు" అన్నాడు పద్మనాభయ్య. "మా నాయన కాలం నించీ అదే పద్ధతి. ఫ్యాక్టరీ మేతలు, మందులు, మాకు గిట్టవు. అందుకే మా జీవాలకి ఆ పేరు."

ఆయన భార్య వెంకటశేషమ్మ వంటింటి గడపలో నిలబడి, తల ఎత్తకుండా అదే చెప్పింది. పచ్చగడ్డి, ఉప్పు, నీళ్ళు. ఆయన తమ్ముడు పెంచలకృష్ణ గట్టిగా, చెయ్యి ఊపి మరీ అదే చెప్పాడు. దరియావలి మీద అందరికంటే ఎక్కువ కోపం అతనిదే. దరియావలి పాకలో మరిచిపోయిన తెల్ల తువాలును, టీవీలో చూసినట్టు, ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచాడు.

"చూడండి మేడమ్. పసుపుపచ్చ పొడి అంటుకోనుండాది. ఇదే మందు" అన్నాడు.

తువాలు మధ్యలో వేళ్ళు తుడిచిన గుర్తులున్నాయి, లేత పసుపు రంగులో. ఆనందకుమారి కవరు విప్పి, వెలుతురులో పెట్టి చూసి, గంగాధరానికి చూపించింది. పసుపు పొడి మధ్య సన్నటి తెల్లటి పలుకులు మెరిశాయి.

మంద కాసే ముత్యాలయ్య సాయంత్రం గొర్రెలు తోలుకొచ్చాక అతన్నీ అడిగింది. ఎనభై గొర్రెల్లో ఒక్కదానికీ ఏమీ కాలేదన్నాడతను. పగలంతా బీళ్ళలో మేసి, సాయంత్రం పాకలో పొట్టేళ్ళు తాగే తొట్టిలోనే నీళ్ళు తాగుతాయట. కాలువకు నీళ్ళు ఆపేశాక, ఇరవై అయిదు రోజుల కింద పద్మనాభయ్య కొత్తగా బోరు వేయించాడట. నాలుగొందల అడుగుల్లో నీళ్ళు పడితే ఊరంతటికీ చెప్పుకొని మురిసిపోయాడట.

"మీ ఇంట్లోనూ ఆ నీళ్ళేనా?" అని ఆనందకుమారి వెంకటశేషమ్మను అడిగింది.

"తాగేదానికి క్యాను నీళ్ళమ్మా. బోరు నీళ్ళు గిన్నెలకీ, కాళ్ళు కడుక్కునేదానికీ" అందామె. ఆనందకుమారి చూపు ఆమె కాళ్ళ మీద పడింది. వేళ్ళకున్న వెండి మెట్టెలు మసిబారినట్టు నల్లగా ఉన్నాయి.

తిరుగు ప్రయాణానికి ముందు ఆమె పాకంతా ఒకసారి కలయదిరిగింది. జీవాలు నాకడానికి ఉప్పు పోసే బండ ఒకటి మూలనుంది. పాకలో వారం రోజుల దుమ్ము ఉంది గాని ఆ బండ మాత్రం అద్దంలా కడిగి ఉంది. బయట మోటారు గది తలుపు దగ్గర అరడజను కోళ్ళు నేలను కాళ్ళతో చిమ్ముతున్నాయి. ఆ గదిలో ఏం పెడతారని అడిగితే, మోటారు స్టార్టరు తప్ప ఏమీ ఉండదని పెంచలకృష్ణ జవాబు. గదికి తాళం ఉంది.

కారులో గంగాధరం ఆగలేకపోయాడు. "మేడమ్, నాకు ఆ తమ్ముడి మీద అనుమానం. మరీ అరుస్తున్నాడు. కాకపోతే ఆవిడ, అసలు మాట్లాడటం లేదు. దరియావలి కూడా ఏదో దాస్తున్నాడు."

"అందరి మీదా అనుమానం వచ్చిందన్న మాట" అంది ఆనందకుమారి నవ్వుతూ. "బాగా దగ్గరికొచ్చావు గంగాధరం. ఆ ఇంటివాళ్ళు ముగ్గురూ ఏం జవాబు చెప్పారో చదువు."

పచ్చగడ్డి, ఉప్పు, నీళ్ళు. మూడుచోట్లా ఒక్క అక్షరం తేడా లేదు.

"నా హాస్టల్లో మూడు గదులు ఒక్క జవాబే చెప్పాయంటే, మూడు గదుల్లోనూ దొంగచాటుగా పాయసం ఉడుకుతున్నట్టే."

గంగాధరం ఆ మాట కింద మూడు గీతలు గీశాడు గాని, అర్థం కాలేదు. శుక్రవారం, శనివారం ఆమె గూడూరులో ఒక ఎరువుల కొట్టుకూ, ఒక లారీ ఆఫీసుకూ వెళ్ళొచ్చింది. డాక్టరుతో మూడుసార్లు ఫోనులో మాట్లాడింది. అతనికేమీ చెప్పలేదు. రెండు రోజులూ అతనికి కంటిమీద కునుకు లేదు.

ఆదివారం ఉదయం పది గంటలకు పద్మనాభయ్య అరుగు నిండిపోయింది. ఇంటివాళ్ళు ముగ్గురూ, ముత్యాలయ్య, డాక్టరు ఉషారాణి. వీళ్ళు కాక, బుధవారం కూడలిలో దరియావలిని తిట్టినప్పుడు చూసిన పదిమందినీ ఆనందకుమారి పట్టుబట్టి పిలిపించింది. తిట్టు విన్న చెవులే తీర్పూ వినాలని ఆమె పట్టుదల. దరియావలిని కూడా రమ్మంది. వచ్చాడు గాని వీధిలోకి రాలేదు. కాలు పెట్టొద్దన్నారు గదా అని, పెద్ద రోడ్డు మీదే కారు పక్కన ఎండలో నిలబడ్డాడు. మాట వినిపించేంత దూరమే.

ఇంజెక్షన్లు పని చేశాయి. తొమ్మిదింటిలో ఆరు గడ్డి కొరుకుతున్నాయి. రెండు తడుముకుంటూ తిరుగుతున్నాయి. పెద్ద పొట్టేలు మాత్రం ఇంకా చూపు లేక గోడవార నిలబడి ఉంది.

"ముందు దరియావలి గారి సంగతి" అని మొదలుపెట్టింది ఆనందకుమారి. "ఆయన కొనేది బక్రీదుకు. గుడ్డి జీవం బక్రీదుకు చెల్లదు. తాను కొనబోయే వాటి కళ్ళు తానే పోగొట్టే వ్యాపారి ఉంటాడా?"

అరుగు మీద కొందరు తలలూపారు.

"ఇక తువాలు. దీనిమీదున్నది గంధకం. నిమ్మచెట్లకు పురుగు పట్టకుండా కొట్టేదే, గూడూరులో ఏ ఎరువుల కొట్టులోనైనా దొరుకుతుంది. కాని ఇందులో ఉప్పు పలుకులు కూడా ఉన్నాయి. మందు పెట్టేవాడు ఉప్పు చూసి పెట్టడు గదా. దరియావలి గారు పొట్టేలు నోరు తెరిచి పళ్ళు చూశారు. ఆ చేతిని తువాలుకు తుడుచుకున్నారు. ఈ పొడి ఆయన చేతినుంచి పొట్టేలు నోట్లోకి పోలేదు, పొట్టేలు నోట్లోంచే ఆయన చేతికొచ్చింది. ఆయన రాక ముందే అది ఉప్పు బండ మీద ఉంది."

వెంకటశేషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పాకంతా దుమ్ముంటే ఆ బండ ఒక్కటే కడిగి ఉంది. ఎవరు కడిగారమ్మా?"

వెంకటశేషమ్మ నోటి మీది కొంగు తీసి చెప్పింది. ఎండాకాలంలో జీవాలకు గజ్జి పట్టకుండా తన అత్తగారు ఉప్పులో చిటికెడు గంధకం కలిపేదట. చిటికెడు వేస్తే మంచిదైతే, పిడికెడు వేస్తే ఇంకా మంచిదనుకుందట. రెండు చచ్చాక భయమేసి బండ కడిగేసిందట.

"ఆయనకి చెప్తే చంపుతాడని చెప్పలా. వలీని అంత మాట అంటా ఉంటే కూడా నోరు తెరవలా. అదే నా పాపం" అని ఏడ్చేసింది.

పద్మనాభయ్య మీసాలు అదిరాయి. ఆయన ఏదో అనబోతుంటే పెంచలకృష్ణ ముందే అందుకుని, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదే అన్నాడు. అది అనకుండా ఉండాల్సింది.

"నిజమే. ఆ మోటారు గది తాళం ఇటివ్వండి" అంది ఆనందకుమారి. "ఏమీ లేని గది ముందు కోళ్ళు ఊరికే కాళ్ళు అరగదియ్యవు."

తలుపు తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. లోపల ఆరు బస్తాలు. ఇథనాల్ కర్మాగారంలో మిగిలే మొక్కజొన్న మడ్డి. లారీ ఆఫీసులో పనిచేసే స్నేహితుడి ద్వారా తెచ్చి, అన్న చూడకుండా రోజూ రెండు పూటలా పాకలో పెడుతున్నానని పెంచలకృష్ణ ఒప్పుకున్నాడు. అన్న జీవాలు జిల్లాలోకెల్లా నిగనిగలాడాలని అతని ఆశ. మడ్డి మంచి మేతే, కాని దాంట్లోనూ గంధకం ఉంటుందని డాక్టరు చెప్పేసరికి అతను మెట్టు మీద కూలబడ్డాడు.

అరుగు మీద ఎవరో ముసలాయన, "అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం" అన్నాడు. నవ్వులు లేచాయి. పద్మనాభయ్య ఒక్కడే నవ్వలేదు. లేచి, భార్యనూ తమ్ముణ్ణీ చూసి, నా ఇంట్లో నాకు తెలియకుండా ఇంత జరిగిందా, నేనొక్కణ్ణే నీతిగా ఉంటే సరిపోయిందా అని గొంతు పెంచాడు.

"కూర్చోండి పద్మనాభయ్య గారూ" అంది ఆనందకుమారి నెమ్మదిగా. "ఇంకా అవలేదు. దొర కూడా ఆ మడ్డి తిన్నది, ఆ ఉప్పు నాకింది. దానికేమీ కాలేదే? దొర తాగేది కుడితి. మిగతావి తాగేది మీ కొత్త బోరు నీళ్ళు. డాక్టరు గారూ, నీళ్ళ రిపోర్టు."

డాక్టరు కాగితం తీసింది. గొర్రెలు తాగదగ్గ దానికి రెండింతలకు పైగా ఆ నీళ్ళలో సల్ఫేటు ఉంది. అదీ గంధకమే. వెంకటశేషమ్మ మెట్టెలు నల్లబడింది ఆ నీళ్ళలోని గంధకపు గ్యాసు వల్లే. ఆ నీళ్ళొక్కటే తాగే మందకు ఏమీ కాలేదు. ఉప్పూ మడ్డీ తిన్న దొరకూ ఏమీ కాలేదు. మూడూ కలిసిన చోట మాత్రం మోతాదు మించిపోయింది. గంధకం కొద్దిగా ఉంటే గొర్రె ఒంటికి మేలే; ఎక్కువైతే కడుపులో కుళ్ళిన గుడ్డు కంపుకొట్టే గ్యాసు అవుతుంది, గొర్రె తేన్చి ఆ గ్యాసునే మళ్ళీ పీలుస్తుంది, అది మెదడుకెక్కి చూపు పోతుంది. డాక్టరు ఇలా విడమరిచి చెప్పింది.

"మరి వలీ వచ్చిపోయిన మర్నాడే ఎందుకు పడిపోయినాయి?" అని పద్మనాభయ్య అడిగాడు. గొంతులో వెనకటి బిగువు లేదు.

"నేనూ రెండు రోజులు ఆ ప్రశ్న దగ్గరే ఆగాను, దరియావలి గారు పొట్టలు తట్టి చూశారన్న మాట గుర్తొచ్చేదాకా. ఆదివారం మీరు మీ భార్యకు ఏం చెప్పారు? నేను చెప్పనా, మీరు చెబుతారా?"

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"బేరానికి మనిషొచ్చే ముందురోజు జీవాలకు ఉప్పు దండిగా నాకిస్తారు. దాహమేసి కడవలకొద్దీ తాగుతాయి. పొట్టలు నిండి, బరువుగా, బలంగా కనపడతాయి. సంతలో అందరూ చేసే పనే. రేపు వలీ వస్తున్నాడు, ఉప్పు రెండింతలు పెట్టు అని మీరే అన్నారు. ఆమె రెండింతలు పెట్టింది, అందులో గంధకమూ రెండింతలైంది. తమ్ముడు గారు ఇంకో గంప మడ్డి పోశారు. అవన్నీ తిని, ఈ ఎండకు ఆ బోరు నీళ్ళు రెండింతలు తాగాయి. దరియావలి గారు వచ్చిన మర్నాడు పడిపోయాయంటే, ఆయన కంటికి బాగా కనపడాలని ఇంటిల్లిపాదీ కలిసి చేసిన అలంకారం వల్ల. తిలా పాపం తలా పిడికెడు. దీన్లో పిడికెడు కూడా లేనివాడు ఒక్కడే, ఆ ఎండలో నిలబడున్నాడు."

గంగాధరం రాస్తున్నవాడల్లా ఆగిపోయాడు. నోటు పుస్తకం మూసేశాడు. రాసుకోవలసిన అవసరం లేకుండా ఇది జీవితాంతం గుర్తుంటుందనిపించింది.

అరుగు మీద అందరూ పద్మనాభయ్యనే చూస్తున్నారు. ఆయన జీవితంలో ఎవరికీ తప్పయిందని చెప్పినవాడు కాదని ముత్యాలయ్య తరవాత గంగాధరంతో అన్నాడు. ఆయన పైపంచ భుజాన వేసుకుని మెట్లు దిగాడు. చెప్పులు వేసుకోవడం మరిచిపోయాడు. కాలే వీధిలో అలాగే నడిచి పెద్ద రోడ్డు దాకా వెళ్ళాడు. పదిమందీ వెనకే నడిచారు.

"తప్పు నాది వలీ" అన్నాడు. "ఆ రోజు అన్నది పదిమందిలో. ఈ రోజు అనేదీ ఆ పదిమందిలోనే. నేనే నిన్ను మోసం చెయ్యబోయి, నువ్వే చేసినావని నింద ఏసినా."

దరియావలి ఆయన చెప్పుల్లేని కాళ్ళకేసి చూశాడు. తరవాత గడ్డం నిమురుకుని చెప్పాడు.

"ఉప్పు మేపినావని నాకు సోమవారమే తెలుసు. పొట్ట తడితే తెలవదా? ముప్పై ఏళ్ళుగా ప్రతి ఏడూ మేపతానే ఉండావు. నీ ముచ్చట నేనెందుకు చెరపాలని ఊరకుంటా ఉండా. దొంగన్నావు, దానికి నాకు ఏడుపు రాలా. ఒక జీవం కళ్ళు పోగొట్టేదానికి నాకు చెయ్యొస్తుందని నువ్వు నమ్మినావే, దానికి ఏడ్చినా."

వెనకనుంచి వెంకటశేషమ్మ వచ్చి, లోపలికి రా వలీ, నీకు చెప్పుకోవాల్సింది నాకూ ఉందని అతని చెయ్యి పట్టుకుంది. దరియావలి ఒక్క క్షణం తటపటాయించి, వీధిలో కాలు పెట్టాడు.

అయితే అతను అరుగు మీదికి ఎక్కలేదు. మజ్జిగ తెచ్చిన పెంచలకృష్ణను చూడలేదు. నేరుగా పాకలోకి నడిచి, గోడవార నిలబడ్డ పెద్ద పొట్టేలు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దాని దవడ కింద చెయ్యి వేసి, మొహం తనవైపు తిప్పుకుని, నాలుక కొనతో ఏదో చిన్నగా చప్పుడు చేస్తూ, రెండో చేతిని దాని కంటిముందు అటూ ఇటూ ఆడించాడు. ఒకసారి. రెండుసార్లు. గంగాధరం మెడ చాచాడు. డాక్టరు కూడా ముందుకు వంగింది.

దరియావలి చెయ్యి ఇంకోసారి ఆడించి, అలాగే ఆగిపోయాడు. తలుపు దగ్గర లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడిపోయిన పద్మనాభయ్యను తల తిప్పి చూశాడు.

"రెప్ప ఏసింది అన్నా. ఇట్రా, నువ్వూ చూడు."